పోలే పోలే... కిలిమంజారో!

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఉంది. అయినా నాలుగు నెలలపాటు రోజూ తెల్లవారుజామునే ఐదంతస్తుల మెట్లు పదిసార్లు ఎక్కి దిగేవాణ్ని. వీపున బ్యాగు, అందులో ఎనిమిది కిలోల బియ్యం. వాచ్‌మన్ జాలిగా చూసేవాడు. 'ఆ బియ్యమేదో వండుకు తిని హాయిగా పడుకోవచ్చుగా' అనేది మా ఆవిడ. ఆవిడ తమ్ముడు కూడా నాతో వస్తున్నాడు మరి!

టాంజానియాలోని కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. ఆఫ్రికాలో దాన్ని మించిన శిఖరం లేదు. మచామే దారిలో వెళ్తే తాళ్లు, మంచుగొడ్డళ్లు అక్కర్లేదు, నడిస్తే చాలు. అందుకే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కానీ పైన గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో సుమారు సగమే. మెట్లెక్కితే కాళ్లు గట్టిపడతాయి గానీ, పలచటి గాలికి ఒళ్లు అలవాటుపడటం హైదరాబాద్‌లో నేర్చుకునే విద్య కాదు. దానికి రోజులు కావాలి. ఐదారు రోజుల ప్యాకేజీ చవక. మేం ఏడు రోజులది తీసుకున్నాం. పొదుపు ఇంకెక్కడైనా చేయండి, ఇక్కడ మాత్రం వద్దు.

బూట్లు రెండు నెలల ముందే కొని, కూరగాయలకూ వాటితోనే వెళ్లాం. కొత్తవి వేసుకుని కొండెక్కితే బొబ్బలే. నూలు బనియన్లు ఇంట్లోనే వదిలేయండి, చెమటకు తడిస్తే ఆరవు. దళసరి జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు మోషీ పట్టణంలో అద్దెకు దొరుకుతాయి. ఎత్తుకు డయామాక్స్ మాత్రలు వాడతారు. అయితే డాక్టరుని అడగకుండా వద్దు, సల్ఫా మందులు పడనివారైతే ఆ సంగతి ముందే చెప్పాలి. పైకెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. మేం తీసుకెళ్లిన కందిపొడి అక్కడ అమృతం!

గైడు లేకుండా ఈ కొండ ఎక్కనివ్వరు. గేటు దగ్గర మూటలు తూకం వేస్తారు, ఒక్కో పోర్టరు 20 కిలోలకు మించి మోయకూడదు. మా గైడు నోట రోజంతా ఒకటే మాట, 'పోలే పోలే'. స్వాహిలీలో 'మెల్లగా, మెల్లగా' అని. మూడోరోజు 4,600 మీటర్ల ఎత్తున ఉన్న లావా టవర్ దాకా ఎక్కించి, నిద్రకు మళ్లీ 3,900 మీటర్లకు దించాడు. ఎక్కిందంతా దిగడమేమిటని విసుక్కున్నాం గానీ, ఒళ్లు అలవాటుపడేది అలాగేనట.

రోజూ సాయంత్రం అవే ప్రశ్నలు. తలనొప్పి ఉందా? వాంతి వచ్చిందా? అన్నం తిన్నారా? మా బావమరిది రోజూ 'ఏం లేదు' అనేవాడు.

ఐదోరోజు బరాఫు శిబిరం. బరాఫు అంటే ఐసు, మన పాతబస్తీవాళ్లకు అర్థం చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి తలకు లైట్లు కట్టుకుని బయల్దేరాం. రెండు గంటలు నడిచామో లేదో, బావమరిది తూలడం గైడు కంటపడింది. ఇంకో మాట లేదు, సహాయకుణ్నిచ్చి కిందికి పంపేశాడు. 'బావా, కొంచెంసేపు కూర్చుంటే తగ్గిపోతుందని చెప్పవా' అని వాడు బతిమాలాడు. నేను చెప్పలేదు. తెల్లారేసరికి శిఖరం మీద నేనొక్కణ్నే ఫొటో దిగాను.

ఆ సాయంత్రం 3,100 మీటర్ల దగ్గర మ్వేకా శిబిరంలో మళ్లీ కలిశాం. వాడు కందిపొడితో లొట్టలేసుకుంటూ అన్నం తింటున్నాడు.

'ఒరేయ్, నిజం చెప్పు. తలనొప్పి ఎప్పుడు మొదలైంది?' అన్నాను.

'లావా టవర్ దగ్గరే బావా. అక్కకు మాత్రం చెప్పకు.'