పీర్లు మెచ్చిన పెద్దరికం

మొహర్రం వస్తే నాచారం కంపెనీల్లో పనిచేసే జనగామవాళ్లకు కాలు నిలవదు. ఊళ్లో పీర్లు లేస్తున్నాయంటూ ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కుతారు.

నిప్పుల గుండం చుట్టూ అడుగేస్తూ పాడే ఆ తెలుగు పాటల్లో ఇమామ్ హుసేన్ రాజ్యం గెలిచినవాడు కాడు. 680లో కర్బలాలో పాలకుడు యజీదుకు తలవంచనన్నాడు. యూఫ్రటీసు పక్కనే పారుతున్నా యజీదు సేన నీళ్లు అందనివ్వలేదు. దప్పికతోనే ప్రాణమిచ్చాడు. అన్న హసన్ అంతకు పదేళ్ల ముందే పోయాడని చరిత్ర. పాటకు ఆ లెక్క పట్టదు, అన్నదమ్ములిద్దరినీ జోడుగానే యుద్ధానికి పంపుతుంది. వాన కోసం మొగులుకేసి చూసే రైతుకు ఆ దప్పిక పరాయిదెలా అవుతుంది?

ఫాతిహా చదివేది ముజావర్. దట్టీ కట్టిన పీరును ఎత్తుకునేది చాలా ఊళ్లలో హిందువు. మలీద అందరిదీ. ఈ పీర్ల ఆచారం మతంలో లేదనే ముస్లిం పెద్దలూ ఉన్నారు, వాళ్ల మాట వాళ్లది.

అదే జనగామ సీమలో భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచి, హత్యకు గురైన రైతు షేక్ బందగీనీ జనం ఇలాగే తలకెత్తుకున్నారు. పెత్తనం చేసినవాడికి భయపడ్డారు గానీ, పెద్దరికం మాత్రం లొంగనివాడికే ఇచ్చారు. ఓట్లడిగేవాళ్లు ఒక్కసారైనా గుండం దగ్గర కూర్చుని ఆ పాటలు వింటే బాగుండును.