నెలసరి నొప్పి: శొంఠి, చిమ్మిలి, వేడినీళ్ల సీసా

పోస్టు కొంచెం పెద్దది. ఆడపిల్లల విషయమని అబ్బాయిలు పక్కకు జరపకండి, మీ ఇళ్లల్లోనూ చెల్లెళ్లు ఉన్నారు.

మేము తెనాలిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. ఒకే గదిలో నలుగురం. ఇద్దరం రేపల్లె వైపు యానాది కాలనీల నుంచి, ఒకరు బాపట్ల దగ్గర స్టువర్టుపురం నుంచి (ఆ ఊరి పేరు చెప్పగానే జనం ముఖం ఎలా మారుద్దో మీకు తెలిసిందే), ఇంకొకరు సుగాలీ పిల్ల. ఎవరి ఇంట్లోనూ మాకంటే ముందు కాలేజీ మెట్టెక్కినవాళ్లు లేరు. ఒక్క పరీక్ష పోయినా "చదివింది చాల్లే, వచ్చెయ్" అనే మాట ఇంటి దగ్గర సిద్ధంగా ఉంటది. నెలలో ఆ రెండు రోజులు పొత్తికడుపులో మెలిపెట్టి, నడుము లాగి, వాంతులై, మాకు పోయిన క్లాసులకు లెక్కే లేదు.

ఈ మధ్య ఫోన్లో చైనా అమ్మాయి వీడియో ఒకటి చూశాం. అల్లం, బెల్లం లాంటి ముదురు చక్కెర, ఎండు ఎర్ర రేగుపళ్లు వేసి మరిగించి తాగుతోంది. ఒంట్లో చల్లదనం చేరితే రక్తం సాఫీగా కదలదు, అందుకే నొప్పి అని వాళ్ల పాత వైద్యం చెబుద్ది. ఆ రోజుల్లో ఐసు నీళ్లు కూడా వద్దంటారంట. మాకు నవ్వొచ్చింది. ఇది మా అమ్మమ్మ కాచే శొంఠి బెల్లం కషాయమే కదా! వాళ్ల రేగు, మన రేగు కూడా దగ్గరి చుట్టాలైన చెట్లే. ఆ ప్యాకెట్లు తెప్పించుకునే డబ్బు మా దగ్గర లేదు గానీ, శొంఠి కొమ్ము ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుద్ది.

అసలు నొప్పి ఎందుకొస్తదో మా జువాలజీ మేడమ్‌ని అడిగాం. ఆ రోజుల్లో గర్భసంచి లోపొర ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు వదులుద్ది. వాటివల్ల గర్భసంచి గట్టిగా ముడుచుకుంటది, దానికి రక్తం సరిగా అందదు. అదీ మెలిపెట్టడం. అల్లం పొడి మీద చిన్న చిన్న పరీక్షలు చేశారు. మొదటి మూడు నాలుగు రోజులు, రోజుకు ముప్పావు గ్రాము నుంచి రెండు గ్రాముల దాకా తీసుకున్నవాళ్లలో కొందరికి నొప్పి తగ్గింది. వేడి కాపడం కూడా పనిచేస్తది. మా గదిలో రబ్బరు సంచి లేదు, గట్టి సీసాలో వేడినీళ్లు పోసి తువ్వాలు చుట్టి పొత్తికడుపు మీద పెట్టుకుంటాం. ఒంటికి నేరుగా తగలనివ్వకండి, కాలుద్ది.

చిమ్మిలి సంగతి వేరు. పెద్దమనిషైనప్పుడు రోట్లో దంచి పెట్టిన ఆ నువ్వులూ బెల్లం మాకందరికీ గుర్తే. నొప్పికి అది మందు కాదు. రక్తం పోయే ఒంటికి నువ్వుల్లోని ఇనుము మంచిది, అంతే. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. హాస్టల్లో ఈ మాట ఎవరూ వినరు, మేమూ సగమే వింటాం.

ఇంకొకటి. అశోక బెరడు కషాయం మంచిదని ఎవరో చెబితే ఒక జూనియర్ కాలేజీ గోడ పక్క చెట్టు చెక్కబోయింది. నిటారుగా పెరిగే ఆ చెట్టు అశోక కాదు, నరమామిడి. ఆకు, బెరడు తెలిసినవాళ్లు చూపిస్తే తప్ప ముట్టుకోకండి. పాము కరిస్తే ఊళ్లోవాళ్లు మందుకోసం మా యానాది పెద్దల దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్లు. ఆ పెద్దలే తెలియని ఆకు తెంపేవాళ్లు కాదు.

మందుబిళ్ల అంటే ఇళ్లల్లో భయం, "పిల్లలు పుట్టరు" అంటారు. ఐబుప్రోఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి ఆ ప్రోస్టాగ్లాండిన్లనే తగ్గిస్తాయి. నొప్పి మొదలవగానే, అన్నం తిన్నాక వేసుకోవాలి. కడుపులో పుండు, ఆయాసం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్నడగకుండా వేసుకోవద్దు. ప్యాడ్ల ఖర్చు ఇంకో బాధ. 2021 అక్టోబరులో మొదలైన స్వేచ్ఛ పథకంలో 7 నుంచి 12 తరగతుల పిల్లలకు నెలకు 10 ఇచ్చేవాళ్లు. డిగ్రీకొస్తే మన పర్సే.

మాలో ఒకరికి ఏ కషాయమూ, ఏ బిళ్లా ఆగలేదు. నెల నెలకీ పెరిగింది, నెలసరి లేని రోజుల్లో కూడా లాగేది. పెళ్లయితే అదే పోద్దని ఇంట్లో అన్నారు, సంబంధం కూడా చూడబోయారు. మేం ముగ్గురం ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాం. స్కానింగులో అండాశయం మీద గడ్డ కనబడింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిదే బయట పెరిగిందని, దాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారని డాక్టరమ్మ చెప్పింది. వాళ్లమ్మని పిలిపించి అదే మాట మళ్లీ చెప్పించాం. సంబంధం ఆగింది, మందులు నడుస్తున్నాయి. పోయిన రెండు పేపర్లు ఈసారి రాస్తోంది. పరీక్ష రోజుల్లో తెల్లారుజామున నీళ్లు కాచడానికి మిగతా ముగ్గురం వంతులేసుకున్నాం.