చివరిగా ముట్టుకున్న చెయ్యి

ఇంట్లో ఏ వస్తువు పాడైనా మన నోటి నుంచి వెలువడే మొదటి ప్రశ్న ‘ఏమైంది?’ అన్నది కాదు. ‘దీన్ని చివరిగా ఎవరు ముట్టుకున్నారు?’ అన్నది. మిక్సీ తిరగకపోతే కోడలు, గడియారం ఆగిపోతే పిల్లవాడు, మోటారు సైకిలు మొరాయిస్తే మెకానిక్కు. చివరిగా ముట్టుకున్న చెయ్యి దొరికిందంటే చాలు, విచారణ ముగిసినట్టే భావిస్తాం. పాత మోటారు సైకిలులో కరెంటు లోపాన్ని వెతికే పని ఈ అలవాటును సహించదు. లోపం ఉన్న చోటు వేరు, లోపం బయటపడే చోటు వేరు అని ఆ పని ప్రతిసారీ గుర్తు చేస్తుంది. ఈ తేడాను పట్టించుకోకపోతే ఒక మనిషి పరువు ఎలా పోబోయిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ బండి మా అబ్బాజాన్ నడిపిన యెజ్డీ. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో 1961లో ఉత్పత్తి మొదలై, 1996లో ఆ కర్మాగారం మూతపడేదాకా జావా, యెజ్డీ బండ్లు అక్కడి నుంచి వచ్చేవి. 250 సీసీ ఇంజను, ఒకే సిలిండరు, అయినా చెరొక వైపు రెండు సైలెన్సర్లు. దాని చప్పుడు వీధి మలుపులోనే వినిపించేది. కర్నూలు నుంచి ఓర్వకల్లు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు సుమారు 200 కిలోమీటర్లు. బంధువుల పెళ్లిళ్లకూ, పరామర్శలకూ అబ్బాజాన్ ఆ దారినంతా ఆ బండి మీదే ఎన్నోసార్లు వెళ్లి వచ్చారు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తిన సంగతి మన పాఠకులు మరచి ఉండరు. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల మేర వరద వచ్చి చేరిన రోజులవి. పాతబస్తీలో ఎన్నో ఇళ్లతోపాటు మా ఇల్లు కూడా మునిగింది. నీరు తీసిన తరువాత బండి ఒండ్రుమట్టి ముద్దగా బయటపడింది. అబ్బాజాన్ ఇంజను విప్పించి, శుభ్రం చేయించి మళ్లీ నడిపారు. లైట్లు వెలిగాయి, హారను మోగింది కనుక వైర్ల జోలికి ఎవరూ పోలేదు. ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాక బండి కడపలోని మా చిన్నాన్న గారికి చేరింది.

అసలు ఈ బండికి ప్రాణం ఎక్కడుందో కొంచెం తెలుసుకోవాలి. మా యెజ్డీలో ఉన్నది ఆరు వోల్టుల బ్యాటరీ. దాని నుంచి కరెంటు తాళం స్విచ్ గుండా ఇగ్నిషన్ కాయిల్‌కు వస్తుంది. కాయిల్ లోపల ఇనుప కడ్డీ చుట్టూ లావు తీగ కొన్ని వందల చుట్లు, సన్న తీగ కొన్ని వేల చుట్లు ఉంటాయి. లావు తీగలో పారే కరెంటును కాంటాక్ట్ పాయింట్లు ఉన్నట్టుండి తెంచుతాయి. అప్పుడు అయస్కాంత క్షేత్రం కుప్పకూలి, సన్న తీగలో వేల వోల్టులు పుడతాయి. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. ఆ వేల వోల్టులే ప్లగ్గు కొనను దాటి నిప్పురవ్వ అవుతాయి. టూ స్ట్రోక్ ఇంజను కనుక ప్రతి చుట్టుకూ ఒక రవ్వ కావాలి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజనుకు సెకనుకు 50 రవ్వలు. ఇంత పనికీ పెట్టుబడి ఆరు వోల్టులే. పన్నెండు వోల్టుల బండిలో దారిలో ఒక వోల్టు పోతే పన్నెండో వంతు నష్టం. ఇక్కడ అదే ఒక వోల్టు ఆరో వంతు. పాత బండ్లు చిన్న చిలుముకే మూలపడటానికి ఇదొక కారణం.

ఒక ఏడాది మే నెలలో ఆ బండికి వింత జబ్బు పట్టుకుంది. ఉదయం ఒక్క కిక్కుకే లేచేది. ఇరవై కిలోమీటర్లు పోయాక దగ్గి, తుమ్మి ఆగిపోయేది. అరగంట చెట్టు కింద ఉంచితే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచేది. కడపలో ఒక మెకానిక్ షెడ్డులో చూపించగా, కాయిల్ వేడెక్కి చెడిపోతున్నదేమోనని కొత్త కాయిల్ వేశారు. ఇలాంటి లక్షణానికి కాయిల్‌ను అనుమానించడం సబబే. వేసిన కుర్రవాడికి పద్దెనిమిదేళ్లు కూడా నిండి ఉండవు. పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి పని నేర్చుకుంటున్నాడు. ‘వైరింగ్ బాగా పాతది చాచా, ట్యాంకు విప్పి ఒకసారి చూస్తాను’ అని అతడు అన్నాడట. చిన్నాన్నకు ఆ రోజు తొందర. మరోసారి చూద్దువులే అని డబ్బు ఇచ్చి వచ్చేశారు.

మూడో రోజు మైదుకూరు వెళ్తూ ఉంటే ఖాజీపేట దగ్గర బండి మళ్లీ ఆగింది. మండుటెండలో దాన్ని తోసుకుంటూ నడిచిన మనిషికి కోపం రావడం సహజం. ఇంటికి వచ్చి కాయిల్ చూస్తే దాని పట్టీ తుప్పు పట్టి, గీతలు పడి ఉంది. ‘పాత కాయిల్‌కే రంగు పూసి బిగించాడు, కొత్తదాని డబ్బు మింగాడు’ అన్న నిర్ధారణకు ఆయన వచ్చేశారు. అస్ర్ నమాజు తరువాత మసీదు అరుగు మీద ఆ మాట అన్నారు. మాట షెడ్డు యజమాని చెవిన పడింది. ఆయన కుర్రవాణ్ణి పనిలోంచి తీసేస్తానన్నాడు. అంతటితో ఆగలేదు. ఆ కుర్రవాడు మన సముదాయం వాడు కాదు. ‘వాళ్లు అంతే’ అని అరుగు మీద ఎవరో అననే అన్నారు. ఒక కాయిల్ మీద మొదలైన అనుమానం ఒక మనిషి మీదికి, అక్కణ్ణుంచి ఒక సమూహం మీదికి పాకడానికి రెండు రోజులు చాలింది.

చిన్నాన్న ఫోను చేసినప్పుడు నేను కోరింది ఒక్కటే. ‘చాచా, నేను వచ్చేదాకా బండిని ముట్టవద్దు, ఆ పిల్లవాణ్ణి ఏమీ అనవద్దు.’

కడపకు వెళ్లి షెడ్డు యజమానినీ, కుర్రవాణ్ణీ, చిన్నాన్ననూ ఒకచోట చేర్చాను. మాటలు పెంచకుండా మధ్యాహ్నం రెండు గంటల ఎండలో మైదుకూరు రోడ్డు మీద బండిని నడిపాము. కారణం ఉంది. రోగం కనిపించే వేళలోనే రోగిని పరీక్షించాలి. చల్లగా ఉన్న బండిని షెడ్డులో ఎంత పరీక్షించినా అది ఆరోగ్యంగానే ఉన్నట్టు చెబుతుంది. అనుకున్నట్టే ఇరవై కిలోమీటర్ల దగ్గర బండి ఆగింది. వేప చెట్టు నీడలో నిలబెట్టి వరుసగా చూశాము.

ముందు ట్యాంకు మూత తెరిచి, పెట్రోలు సరిగా దిగుతున్నదని నిర్ధారించుకున్నాము. తరువాత ప్లగ్గు ఊడదీసి, ప్లగ్గు దేహాన్ని సిలిండరు రెక్కలకు ఆనించి కిక్కు కొట్టాము. నీలంగా, టప్పున పడవలసిన రవ్వ పచ్చగా, నీరసంగా పడింది. అంటే లోపం కరెంటులోనే. పాయింట్ల మధ్య సందు ఫీలర్ గేజితో కొలిస్తే 0.4 మిల్లీమీటర్లు, సరిగానే ఉంది. పాయింట్లు కాలిపోయినట్టు గుంటలు లేవు కనుక కండెన్సర్‌నూ అప్పటికి పక్కన పెట్టాము. పాయింట్లు మూసుకున్న స్థితిలో తాళం వేసి మీటరు పెట్టాము. బ్యాటరీ దగ్గర 6.1 వోల్టులు. కాయిల్ దగ్గర 3.9. దారిలో రెండు వోల్టులకు పైగా మాయం! దొంగ కాయిల్‌లో లేడు, కాయిల్‌కు వచ్చే దారిలో ఉన్నాడు.

అయినా అది నా మాటగా మిగిలిపోకూడదు. అందరి కళ్ల ముందూ రుజువు కావాలి. బ్యాటరీ నుంచి కాయిల్‌కు నేరుగా ఒక తాత్కాలిక తీగ కలిపి, కుర్రవాణ్ణే కిక్కు కొట్టమన్నాను. వేడి వేడిగా ఉన్న బండి అప్పటికప్పుడే లేచింది. అదే ఎండలో అదే కాయిల్‌తో మైదుకూరు దాకా వెళ్లి కడపకు తిరిగి వచ్చాము. ఒక్కసారి కూడా తడబడలేదు.

షెడ్డులో ట్యాంకు విప్పాము. సిలిండరుకు వెనకగా, చట్రం వెంట పోయే వైర్ల కట్టలో టేపు చుట్టిన ఒక అతుకు ఉంది. టేపు విప్పితే లోపలి నుంచి ఎండిన ఒండ్రుమట్టి పొడిగా రాలింది. కర్నూలు వరద మట్టి అది! ఏళ్ల తరబడి ఆ తేమ, ఆ మట్టి రాగిని తిని ఆకుపచ్చ చిలుముగా మార్చాయి. తీగలో రెండు మూడు పోగులే మిగిలాయి. చల్లగా ఉన్నప్పుడు అవి ఒకదానినొకటి తాకేవి. ఇంజను వేడికి సాగి సడలేవి. కుళ్లిన భాగం కోసేసి, కొత్త తీగ వేసి, టంకం పెట్టి, పైన స్లీవు తొడిగింది ఆ కుర్రవాడే. పట్టీ సంగతి కూడా అప్పుడే తేలింది. కొత్త కాయిల్‌తో వచ్చిన పట్టీ ఈ చట్రానికి సరిపోక పాతదాన్నే వాడాడు. పాత కాయిల్‌ను కాగితంలో చుట్టి సీటు కింది పెట్టెలో పెట్టి ఇచ్చాడు. చిన్నాన్న ఆ పెట్టె తెరవనే లేదు.

చిన్నాన్న పెద్ద మనసు గల మనిషి. అక్కడే కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి, ‘తప్పు నాది నాయనా’ అన్నారు. అంతటితో సరిపోతుందా? నింద పడింది షెడ్డులో కాదు, మసీదు అరుగు మీద. అందుకే మరుసటి రోజు అస్ర్ తరువాత అదే అరుగు మీద, అదే మనుషుల ముందు, ‘ఆ పిల్లవాడు నిజాయితీపరుడు, నేను అన్నది అబద్ధం’ అని ఆయన చెప్పారు. చిలుము ఉన్న చోటే కొయ్యాలి. వేరొక చోట ఎంత కొత్త తీగ వేసినా కరెంటు పారదు.

దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా విశ్వాసులకు ఈ విషయంలో స్పష్టమైన మార్గం చూపింది. ఏదైనా వార్త అందితే, తెలియక ఎవరికో హాని చేసి ఆనక పశ్చాత్తాపపడే పరిస్థితి రాకుండా ముందే నిజం విచారించుకోవాలని ఆరవ ఆయతు ఆదేశిస్తుంది. మితిమీరిన అనుమానాలను విడిచిపెట్టాలనీ, పరోక్ష నింద చేయరాదనీ పన్నెండవ ఆయతు హెచ్చరిస్తుంది. అన్ నిసా సూరాలోని 105వ ఆయతు నుంచి సాగే భాగానికి వ్యాఖ్యాతలు ఒక నేపథ్యం చెబుతారు. మదీనాలో ఒక కవచం దొంగతనానికి గురైంది. అసలు దొంగ ముస్లిం సమాజంలోనివాడు. అతని వాళ్లంతా కలసి ఆ నేరాన్ని ఒక యూదుని మీదికి నెట్టారు. అప్పుడు అవతరించిన దైవవాణి ఆ యూదుణ్ణి నిర్దోషిగా నిలబెట్టింది. మనవాడా, పరాయివాడా అన్నదాన్ని బట్టి న్యాయం మారదని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? మన ప్రవక్త (స) అనుమానాన్ని మాటలన్నిటిలోకీ పెద్ద అబద్ధంగా పరిగణించారని బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు తెలుపుతున్నాయి.

పరీక్షకు నిలిచినదాన్నే నమ్మడం మన పూర్వికుల పద్ధతి కూడా. 1206లో యంత్ర నిర్మాణాల మీద తన ప్రసిద్ధ గ్రంథాన్ని పూర్తి చేసిన అల్ జజరీ, చేతితో చేసి చూడని విద్య నిజానికీ అబద్ధానికీ మధ్య ఊగుతూ ఉంటుందన్న అభిప్రాయంతోనే ఆ పనికి పూనుకున్నారు.

పాత బండి ఉన్న ఇళ్లలోని యువకులకు పనికివచ్చే నాలుగు సూత్రాలు ఇవి. బండి ఆగిన మరుక్షణమే రవ్వ చూడండి. చల్లారాక చూస్తే సాక్ష్యం మాయమవుతుంది. మూలం నుంచి, అంటే బ్యాటరీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మజిలీ దాటండి. అన్నీ ఒకేసారి మార్చకండి. మూడు భాగాలు ఒకేసారి మారిస్తే బండి బాగైనా దోషం దేనిదో ఎన్నటికీ తెలియదు. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకుని భద్రపరచండి. అది మీకూ రక్షణ, మెకానిక్కుకూ రక్షణ.

ఇంట్లో ఉంగరం కనిపించనప్పుడు, లెక్కలో డబ్బు తగ్గినప్పుడు, ఇద్దరి మధ్య మాట పెరిగినప్పుడు కూడా ఈ సూత్రాలే వర్తిస్తాయి. చివరిగా ముట్టుకున్న చెయ్యిని పట్టుకోవడానికి క్షణం చాలు. ట్యాంకు విప్పి చూడటానికి ఓపిక కావాలి. ఆ ఓపికను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.