ఆస్పరి దారిలో ఒక టైరు



గుంతకల్లులో రైలెక్కి రాయచూరు వైపు వెళ్తే, ఆదోని రాకముందే ఆస్పరి అనే చిన్న స్టేషను వస్తుంది. మద్రాసు నుండి వచ్చిన రైలు మార్గము, బొంబాయి నుండి వచ్చిన మార్గము 1871లో రాయచూరు వద్ద కలిశాయి. అంత పాత దారి ఇది. స్టేషను దిగి నాలుగడుగులు నడిస్తే నల్లరేగడి చేలు, పత్తి, కంది, పల్లెల్లో ఇంకా మిగిలిన మట్టి మిద్దెలు కనిపిస్తాయి. 1953 వరకు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. అందుకే ఇక్కడి మాటలో కన్నడపు యాస నేటికీ వినిపిస్తుంది.

అయితే ఈ ప్రాంతపు బ్రతుకును మోసేది రైలు కాదు, ట్రాక్టరు ట్రాలీ. పత్తి ఆదోని మార్కెట్ యార్డుకు పోవాలన్నా, టమాటా పత్తికొండ మార్కెట్టుకు పోవాలన్నా అదే దిక్కు. మన తాతల కాలములో కట్టె చక్రాల బండి, తండ్రుల కాలములో టైరు బండి, మన కాలములో ట్రాలీ. పెండ్లికి, జాతరకు, చివరకు దేవుని కూటములకు కూడా మనము దానిలోనే పోతాము. ఆ అలవాటును గూర్చి నా తప్పును ఒకటి మీ ముందు ఒప్పుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

2017 మే నెలలో ఆదోనిలో మూడు రాత్రుల ఉజ్జీవ కూటములు జరిగాయి. ఆస్పరి దగ్గరి మా పల్లె సంఘము నుండి ముప్పైమందికి పైగా బయలుదేరాము. సంఘపెద్ద ఒకరు తన ట్రాలీ ఇచ్చారు. పత్తి పని అయిపోయినప్పటి నుండి అది కళ్లములో ఎండలోనే నిలిచి ఉన్నది. ట్రాక్టరు తోలే అబ్బాయి చక్రము దగ్గర కూర్చుని చూసి నాతో, “అయ్యగారూ, ఎడమ పక్క టైరు శానా దినాలది. పక్కన పగుళ్లు పడినాయి. గాలి కూడా తక్కువే ఉండాది. ఇంతమందితో పోతే నిలుస్తాదో లేదో” అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. “దేవుని పని మీద పోతున్నాము నాయనా, ఆయనే చూసుకుంటాడు” అన్నాను. ప్రార్థన చేసి బయలుదేరాము.

సగము దారి కూడా పోలేదు. తుపాకీ ప్రేలినట్టు శబ్దమైంది. ట్రాలీ ఎడమకు ఒరిగి రోడ్డు ప్రక్క గుంతలోనికి దిగింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆయనకే స్తోత్రము. కాని ప్రతి ఆదివారము అందరికన్న ముందు గుడికి వచ్చి చాపలు పరచే ఒక అవ్వకు తుంటి ఎముక విరిగింది. నేటికీ ఆమె కర్ర లేకుండా నడవలేదు.

ఊరంతా ఆ అబ్బాయినే తిట్టింది. “వేగముగా తోలినాడు” అన్నారు. నేను నోరు విప్పలేదు. రెండు ఆదివారములు ప్రసంగము చేశాను గాని వాని ముఖము చూడలేకపోయాను. అవ్వను చూడబోతే, “బాధ పడొద్దు అయ్యగారూ, దేవుడు కాపాడినాడు” అని ఆమే నన్ను ఆదరించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడవ ఆదివారము సంఘము ఎదుట జరిగినదంతా చెప్పి, ఆ అబ్బాయిని క్షమాపణ అడిగాను.

తరువాత సంఘపెద్దతో కలిసి ఆదోనిలో ఒక టైర్ల అంగడికి వెళ్లాను. అక్కడి భాయి ఓపికగా చెప్పిన సంగతులు ప్రతి రైతు ఇంటికి పనికివస్తాయి.

టైరు అరిగి మాత్రమే చెడదు, నిలిచి కూడా చెడుతుంది. నెలల తరబడి ఎండలో నిలిస్తే రబ్బరు గట్టిపడి, ప్రక్కలు బీటలు వారుతాయి. పైన గుండ్లు బాగున్నాయని మోసపోకూడదు. గాలి తక్కువైతే టైరు ప్రక్కలు ఎక్కువగా వంగి లేస్తూ లోలోపల వేడెక్కుతాయి. దానికి బరువు, మే నెల ఎండ, తారు రోడ్డు వేడి తోడైతే లోపలి పొరలు విడిపోయి ప్రేలుతుంది.

టైరు ప్రక్కన దాని వయస్సు అచ్చు వేసి ఉంటుంది. చివరి నాలుగు అంకెలు 2319 అని ఉంటే 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. ఐదేండ్లు దాటిన టైరును ఏటేటా చూపించుకోవాలనీ, పదేండ్లు దాటితే బాగున్నట్టు కనబడినా తీసివేయాలనీ తయారీదారులు చాలామంది చెప్తారు. లారీ నుండి తీసివేసిన పాత టైరు చవక అని కొంటే, దాని వయస్సును కూడా కొన్నట్టే. పాత టైరుకు క్రొత్త గుండ్లు పోయించినా లోపలి పొరల వయస్సు తగ్గదు.

క్రొత్తది కొనేటప్పుడు సైజు, ప్లై రేటింగు, మోయగల బరువు ట్రాలీకి సరిపోవాలి. ఇరుసుకు రెండు ప్రక్కలా ఒకే రకము, ఒకే వయస్సు టైర్లు వేయించాలి. ట్యూబు కూడా క్రొత్తది వేయించి, రిమ్ము త్రుప్పు గీకించాలి. టైరు మీద వ్రాసిన గాలి లెక్కను బండి కదలకముందు, చల్లని వేళ చూడాలి. దారిలో వేడెక్కి గాలి పెరిగిందని తీసివేయకూడదు. పని లేని నెలల్లో ట్రాలీని దిమ్మెల మీద ఎత్తి, టైర్లకు నీడ కల్పించాలి.

ఇంతా చెప్పి భాయి ఒక మాట అన్నాడు: “ఎంత మంచి టైరు వేసినా, ట్రాలీ సరుకుకే పాస్టర్‌గారూ, మనుష్యులకు కాదు.” చట్టము చెప్పేదీ అదే. ప్రమాదము జరిగితే బీమా పరిహారము కూడా దక్కకపోవచ్చు. ఆ సంవత్సరము నుండి మా సంఘము కూటములకు ట్రాలీలో పోవడము మానింది. బస్సు చార్జీ లేనివారి కొరకు కానుకలలో కొంత తీసిపెడుతున్నాము. కొందరు గొణిగారు, అయినా మానలేదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో, క్రొత్త ఇల్లు కట్టినవాడు ఎవరూ పడిపోకుండ మిద్దెకు పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. లేకపోతే ఆ రక్తాపరాధము ఇంటి మీదికే వస్తుంది. మిద్దెల మీద పండుకొనే మన ప్రాంతమువారికి ఈ మాట ఎవరూ వివరించనక్కరలేదు. పిట్టగోడ కట్టడము అవిశ్వాసము కాదు, పొరుగువానిని ప్రేమించడమే. దేవాలయ శిఖరము మీద నుండి దూకుమన్న సాతానుకు, దేవుని శోధింపకూడదని ప్రభువు జవాబిచ్చాడు. ఆ మే నెల సాయంకాలము నేను విశ్వాసమనుకొన్నది ఆ దూకుడే.

ఈసారి ప్రయాణానికి ముందు ప్రార్థన చేయండి. ప్రార్థనకు ముందు ఒకసారి వంగి టైరు కూడా చూడండి. తోలేవాడు చిన్నవాడైనా, వాని మాట వినండి. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.