చవగ్గా దొరికిన గేర్‌బాక్స్

అమెరికాలో పాత ఫోర్డ్ రేంజర్ పికప్‌ని ప్రేమగా నడుపుకునే మిత్రులారా, తుక్కు యార్డులో ఫోర్-వీల్ డ్రైవ్ బండి మాన్యువల్ గేర్‌బాక్స్ కనబడగానే మీ టూ-వీల్ డ్రైవ్ ట్రక్కు కోసం కొనేయకండి. ఇంజిన్ ఒకటే అయితే ముందువైపు చక్కగా కూర్చుంటుంది, నిజమే. చిక్కంతా వెనకాలే. దాని షాఫ్టు పొట్టిది, ట్రాన్స్‌ఫర్ కేసులోకి వెళ్లడానికే చేసింది. ప్రొపెల్లర్ షాఫ్టు జారి కూర్చునే పొడుగు తోక దానికి ఉండదు.

ట్రాన్స్‌ఫర్ కేసుతో సహా ఎక్కించి, ముందు చక్రాల వైపు ఖాళీగా వదిలేసేవాళ్లున్నారు. అప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మార్చాలి, గేర్‌బాక్స్‌ని మోసే క్రాస్‌మెంబర్‌నీ సర్దాలి, పనికిరాని బరువు ఎప్పటికీ మోయాలి. అది వద్దంటే పెట్టె మొత్తం విప్పి మెయిన్‌షాఫ్టు మార్చాలి. చవక అక్కడితో సరి!

ఇంకాస్త వెతకండి. టూ-వీల్ డ్రైవ్‌దే కొనండి.