పేతురు బొంకును దాచని సువార్తలు

పేతురు యేసును ఎరగనన్న సంగతిని నాలుగు సువార్తలూ రాశాయి, ఒక్కటీ దాచలేదు. సువార్తలు రాసేనాటికి సంఘం పెద్దదిక్కుగా తలచుకునే మనిషి, ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట ఒక పనిపిల్ల అడిగిన మాటకే బెదిరిపోయాడని ఆ సంఘమే తన పుస్తకాల్లో పెట్టుకుంది. నాయకుణ్ణి గొప్పచేయడానికే రాసుంటే మొదట కొట్టేయవలసిన ఘట్టం ఇదే. ఉంచారంటే, తమ విశ్వాసానికి ఆధారం పేతురు గట్టితనం కాదు, అతణ్ణి మళ్లీ చేర్చుకున్న యేసు కృపేనని వాళ్లకు బాగా తెలుసనే నేననుకుంటాను.

కృప అంత సులువైతే ఇక తప్పంటే భయమెందుకని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. పౌలు రోమా పత్రిక ఆరో అధ్యాయంలో దీన్నే ఎదుర్కొన్నాడు. 1937లో జర్మన్ పాస్టర్ డీట్రిష్ బోన్‌హోఫర్ శిష్యరికం లేని కృపను చవక కృప అని గట్టిగా తప్పుబట్టాడు. 1945లో నాజీలు ఆయన్ను ఉరితీశారు. అయితే యోహాను సువార్త చివరి అధ్యాయంలో కనిపించేది చవక కృప కాదు. మూడుసార్లు కాదన్నవాణ్ణి యేసు మూడుసార్లూ ప్రేమ గురించే అడిగాడు, మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు కూడా. తప్పును కప్పిపుచ్చకుండానే, ఏ గడువూ పెట్టకుండా మందను అతని చేతికి అప్పగించాడు. ఆ తర్వాత పేతురు తడబడలేదా అంటే, తడబడ్డాడు. అంతియొకయలో యూదులు కానివారితో కలిసి తినడం మానుకున్నప్పుడు పౌలు అందరి ముందూ నిలదీశాడని గలతీ పత్రిక చెబుతోంది. సంఘపెద్దల తప్పు బయటపడినప్పుడు కృప పేరు చెప్పి అడిగినవాళ్ల నోరు మూయించేవారు ఆ పత్రిక రెండో అధ్యాయం కూడా చదవాలి.