రేకు మీద రేకు

జూన్ 4
రాగినీ అల్యూమినియాన్నీ కరిగించి కలిపితే ఏమవుతుందో వెల్డర్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అతుకు దగ్గర పెళుసు సమ్మేళనాలు పుడతాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, వంచితే పుటుక్కుమంటుంది. మేం అసలు కరిగించం. 150 మైక్రాన్ల రేకును కింది రేకు మీద పరిచి, గరుకు ముఖమున్న ఉక్కు చక్రాన్ని గట్టిగా నొక్కుతూ దొర్లిస్తాం. ఆ చక్రం దాని ఇరుసు వెంబడి సెకనుకు 20,000 సార్లు అదురుతుంది. కదిలేది కొన్ని పదుల మైక్రాన్లే కాబట్టి కంటికి ఆనదు.

జూన్ 5
కొత్తగా చేరిన కుర్రాడు అప్పుడే అతికిన పట్టీని తడిమి చూశాడు. "మేడమ్, వెచ్చగానే ఉంది. మరి ఎలా అతుక్కుంది?"
అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాపిడి వేడి దానికి చాలా దిగువనే ఆగిపోతుంది. గాలి తగిలిన మరుక్షణమే అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర కడుతుంది. మందం కొద్ది నానోమీటర్లే అయినా మహా గట్టిది, 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. రెండు లోహాల మధ్య అడ్డంగా నిలబడేది అదే. అదురుకు ఆ పొర చిట్లి చెదిరిపోతుంది, లోపలి తాజా లోహాలు ఒత్తిడికి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కలిసే గుణం లోహాలకు ముందే ఉంది. ఈ పద్ధతి మీద నాకింత మమకారం అందుకే.

జూన్ 9
తొలకరి పడింది. రాగి చుట్టలు తేమకు నల్లబడకుండా సిలికా జెల్ పెట్టెలోకి మార్పించాను. ఎసిటోన్‌తో తుడిచాక వేలు తగలనివ్వకూడదు. జిడ్డున్న చోట అతుకు నిలవదు.

జూన్ 12
పట్టీని అడ్డంగా కోసి, పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టాం. ఒక వరస ఎరుపు, ఒక వరస తెలుపు. మధ్య గీత వెంట అక్కడక్కడా నల్లటి చుక్కలు. అవి ఖాళీలు. చక్రం గరుకు రేకు వీపు మీద అచ్చు పడుతుంది, పై రేకు ఆ మిట్టల మీదే ఆని పల్లాలను వదిలేస్తుంది. పోనీ చక్రాన్ని నున్నగా చేద్దామా అంటే రేకుమీద జారిపోతుంది. ఎంత గరుకు ఉండాలన్నదే ఈ పనిలో అసలు పేచీ.

జూన్ 17
దొంతర ఎత్తు దాని వెడల్పుకు దగ్గరపడేసరికి పై పొరలు అతకడం మానేశాయి. కింది దొంతర చక్రంతోపాటే ఊగుతోంది. రెండూ కలిసి ఊగితే రాపిడెక్కడిది? పక్కల ఊతం ఇవ్వాలి.

జూన్ 20
డాన్ వైట్ 1999లో అమెరికాలో సోలిడికా కంపెనీ పెట్టి ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు. పొరలు అతకడం, మధ్యమధ్య మిల్లింగ్‌తో చెక్కడం, రెండూ ఒకే యంత్రంలో. కరగడం లేదు కాబట్టి లోహం నడుమ ఆప్టికల్ ఫైబర్‌ను కూడా పొదగొచ్చు. కరిగిన లోహంలో అదెక్కడ బతుకుతుంది!

జూన్ 23
లిథియం అయాన్ బ్యాటరీలో ఒక ధ్రువానికి అల్యూమినియం రేకు, రెండోదానికి రాగి రేకు. వాటికి ట్యాబులు అతికేదీ ఎక్కువగా ఈ అదురుతోనే. రోజూ చేతిలో ఉండే ఫోన్‌లో ఈ పని దాగి ఉందని ఎంతమందికి తెలుసు?
ఇవాళ పీల్ టెస్టులో అతుకు విడిపోలేదు, పక్కనున్న అల్యూమినియమే చిరిగింది. అయినా తొందరపడను. ఒక్కో డిగ్రీకి అల్యూమినియం మీటరుకు 23 మైక్రాన్లు సాగితే రాగి 17 మాత్రమే సాగుతుంది. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ తేడా భారం అతుకు మీదే పడుతుంది. సోమవారం నుంచి ఈ పట్టీలు ఓవెన్‌లోకి.